పక్క బెంచీలో ఆటలమ్మ: పాపను ఎప్పుడు ఆపాలి, ఎవరికి దూరంగా ఉంచాలి

మీరు రాసినది ముందు ఒకసారి చెప్పుకుందాం. హైదరాబాద్ అల్వాల్‌లో ఉమ్మడి ఇల్లు. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. ఒకే బెంచీలో కూర్చునే అబ్బాయికి ఆటలమ్మ వచ్చిందని ఈ రోజు, అంటే ఫిబ్రవరి 10 సోమవారం, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పొక్కులు శనివారం 8న కనబడ్డాయి, శుక్రవారం దాకా బడికి వచ్చాడు. పాపకు చిన్నప్పుడు ఒక డోసు టీకా పడింది, రెండోది తప్పిపోయింది. ఇంట్లో మీ తోడికోడలికి ఏడో నెల. పాపను ఇప్పుడే బడి మాన్పించమని అత్తగారు, వచ్చే వారం యూనిట్ టెస్టులు ఉన్నాయి పంపుదామని మీవారు. ఎవరి మాట వినాలని అడిగారు.

మీ ఇంట్లో రెండు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోయాయి. పాపను బడికి పంపాలా వద్దా అనేది ఒకటి. పాపను తోడికోడలి దగ్గర ఉంచవచ్చా లేదా అనేది ఇంకొకటి. బడి మాన్పిస్తే పాప పొద్దస్తమానం ఎక్కడుంటుంది? ఇంట్లోనే, పిన్ని పక్కనే. జాగ్రత్త అనుకుని చేసే పనివల్ల మనం కాపాడాలనుకున్న మనిషికే ముప్పు పెరుగుతుంది. అందుకే ముందు తేదీలు లెక్కపెట్టుకోండి. వంటింటి క్యాలెండరు మీదే గుర్తులు పెట్టుకోవచ్చు.

ఆటలమ్మ వచ్చిన పిల్లవాడు పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటిస్తాడు. పొక్కులు 8న వచ్చాయి కాబట్టి 6, 7 తేదీల్లో, గురు శుక్రవారాల్లో, పాపకు సోకి ఉండవచ్చు. అంతకు ముందు రోజులతో పని లేదు. సోకిన తర్వాత పొక్కులు పైకి రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువ మందిలో 14 నుంచి 16 రోజులు. 6వ తేదీకి 10 కలిపితే 16. 7కి 21 కలిపితే 28. అంటే పాపకు వస్తే 16కీ 28కీ మధ్య రావాలి, ఎక్కువ అవకాశం 20 నుంచి 23 వరకు. పొక్కులకు రెండు రోజుల ముందే అంటిస్తుంది కనుక పాప ఇంకొకరికి అంటించే కాలం 14న మొదలవుతుంది.

ఇప్పుడు చూడండి. ఈ రోజు 10. ఈ రోజు, రేపు, ఎల్లుండి, 13 దాకా పాప వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. చాలామంది చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. మెసేజ్ రాగానే భయపడి మూడు నాలుగు రోజులు ఇంట్లో పెడతారు, ఏమీ రాలేదని ధైర్యం తెచ్చుకుని నాలుగో రోజు పంపేస్తారు. అవసరం లేని రోజుల్లో ఆపి, కాపలా కాయాల్సిన రోజుల్లో వదిలేయడం అన్నమాట.

అసలు పని రేపు పొద్దున ఉంది, టీకా. అంటుకున్న మొదటి మూడు రోజుల్లో వేస్తే బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా వేయవచ్చు. 6 నుంచి లెక్కిస్తే 11తో ఐదు రోజులు పూర్తవుతాయి. బుధవారం దాకా ఆగవద్దు. అయినా ఆలస్యమైందనుకోండి, రెండో డోసు వేయించాల్సిందే, ఈసారి తప్పించుకుంటే తర్వాతి సారికి పనికొస్తుంది. మొదటి డోసుకూ రెండోదానికీ మధ్య కనీసం మూడు నెలలు ఉండాలి, మీ పాపకు ఏళ్లే గడిచాయి కాబట్టి అడ్డులేదు. ఒక డోసు 80 శాతానికి పైగా కాపాడుతుంది, రెండు డోసులైతే 90 దాటుతుంది. ఆటలమ్మ టీకా ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, కాబట్టి బస్తీ దవాఖానాలో దొరకదు. పిల్లల డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించుకోవాలి. వెళ్లే ముందు ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే తిరుగుడుకే ఒక రోజు పోతుంది. టీకా కార్డు తీసుకెళ్లండి. గడిచిన నాలుగు వారాల్లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి బతికున్న వైరస్ టీకా ఏదైనా పడి ఉంటే డాక్టరుకు చెప్పాలి, రెండింటి మధ్యా నాలుగు వారాల ఎడం కావాలి. చిన్న జలుబు టీకాకు అడ్డు కాదు.

ఇంట్లో గర్భిణి ఉండగా పాపకు ఈ టీకా వేయించవచ్చా అని చాలామంది వెనకాడతారు. వేయించవచ్చు. గర్భిణికి మాత్రం ఈ టీకా వేయకూడదు. టీకా తర్వాత పాప ఒంటి మీద పొక్కులు లేస్తే అవి ఎండేదాకా తోడికోడలికి దూరంగా ఉంచితే చాలు.

తోడికోడలి సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఆమె ఆ అబ్బాయిని చూడలేదు, పాప ఇంకా ఎవరికీ అంటించే దశకు రాలేదు, కాబట్టి ఈ రోజుకు ఆమెకు ఏమీ అంటలేదు. మన చేతిలో మూడు రోజులున్నాయి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా, రెండు డోసుల టీకా పడిందా అని వాళ్ల అమ్మను అడగండి. ఇక్కడ మన భాషతోనే ఒక చిక్కు ఉంది. 'అమ్మవారు పోసింది' అని ఊళ్లలో ఆటలమ్మకూ అంటారు, తట్టుకూ అంటారు. అత్తగారి వయసు వాళ్లయితే మశూచి కూడా అందులోకే వస్తుంది, అది 1975 తర్వాత మన దేశంలో లేదు. కాబట్టి 'వచ్చింది' అన్న మాట ఒక్కటే సరిపోదు. ఎలా వచ్చిందో అడగండి. నీటి పొక్కులు లేచి, చెక్కు కట్టి, రాలిపోయాయా? లేక మూడు నాలుగు రోజుల జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, దగ్గు తర్వాత ఒళ్లంతా ఎర్రటి దద్దులా? మొదటిది ఆటలమ్మ, రెండోది తట్టు.

గట్టిగా తెలియకపోతే రేపే వెరిసెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష చేయించండి. పెద్ద ల్యాబులన్నీ చేస్తాయి. ఫలితం 13 లోపు చేతికి రావాలి, శాంపిల్ ఇచ్చేటప్పుడే ఆ మాట అడగండి. పాజిటివ్ అంటే రక్షణ ఉన్నట్టు. అప్పుడు ఆమె ఇంట్లోనే నిశ్చింతగా ఉండవచ్చు, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. నెగెటివ్ అయితే 14 నుంచి 28 దాకా ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండకూడదు. వేరే గది సరిపోదా అంటే, ఆటలమ్మ గాలి ద్వారా పాకే జబ్బు, ఒకే ఇంట్లో గది తలుపు దానికి పెద్ద అడ్డు కాదు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లడం మనలో ఉన్నదే కాబట్టి ఆమె రెండు వారాలు ముందు వెళ్లినా సరే, పాపను అమ్మమ్మ గారింటికి పంపినా సరే. అమ్మమ్మ గారింట్లో ఏడాది లోపు బిడ్డ, కీమోథెరపీ తీసుకునేవారు, రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవారు, ఇంకో గర్భిణి లేరని చూసుకోండి.

దూరం పెట్టేలోపే పాపకు పొక్కులు వచ్చాయనుకోండి, ఐజీజీ నెగెటివ్ అని ముందే తెలిసుంటే ఆమె డాక్టరు ఇమ్యూనోగ్లోబులిన్ (జబ్బును అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, అంటిన పది రోజుల లోపు ఇవ్వాలి. ఇది ప్రతి మందుల షాపులో దొరికేది కాదు, ధర ఎక్కువ. ఎక్కడ దొరుకుతుందో కాన్పు డాక్టరును ఈ వారమే అడిగి ఉంచండి. గర్భిణికి ఆటలమ్మ వస్తే తల్లికి నిమోనియా భయం ఉంటుంది, చివరి నెలల్లో ఆ భయం ఇంకా ఎక్కువ. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం. ఆమెకు ఒక్క పొక్కు కనబడినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. నేరుగా వెళ్లి ఇతర గర్భిణుల మధ్య వెయిటింగ్ హాల్లో కూర్చోవద్దు.

ఇక బడి. రెండో డోసు పడిన, జ్వరం లేని, ఒంటి మీద ఏమీ లేని పిల్ల బడికి వెళ్లవచ్చు, యూనిట్ టెస్టులు రాయవచ్చు. షరతు ఒక్కటే: 14 నుంచి 28 వరకు రోజూ పొద్దున యూనిఫాం వేసే ముందు ఒళ్లు చూడాలి. ట్యూబులైటు కింద కాదు, బాల్కనీలోనో కిటికీ దగ్గరో పగటి వెలుతురులో చూడండి. ముందు తల: జడ విప్పి పాయలు తీసి మాడు చూడండి, ఆటలమ్మ మొదటి పొక్కు చాలాసార్లు జుట్టులోనే దాక్కుంటుంది. తర్వాత చెవుల వెనక, మెడ, వీపు, పొట్ట. చివర నోరు తెరిపించి అంగిలి. మొత్తం రెండు నిమిషాలు.

ఒకే ఒక్క ఎర్రటి బుడిపె కనబడి, దోమకాటా ఆటలమ్మా అని అనుమానం వస్తే పెన్నుతో దాని చుట్టూ గీత గీసి ఆ రోజుకు బడికి పంపకండి. దోమకాటు సాధారణంగా బట్ట కప్పని చోట ఉంటుంది, సాయంత్రానికి అణిగిపోతుంది. ఆటలమ్మ పొక్కు బట్ట లోపల పొట్ట మీదా వీపు మీదా వస్తుంది. పొద్దున ఎర్రగా ఉన్నదాని మీద సాయంత్రానికి మంచుబొట్టు లాంటి నీటి బుడగ నిలబడుతుంది, పక్కన కొత్తవి లేస్తాయి. రెండు మూడు రోజులు గడిస్తే ఒకే చోట ఎర్ర బుడిపె, నీటి పొక్కు, ఎండిన చెక్కు మూడూ పక్కపక్కనే కనబడతాయి. ఆటలమ్మకు అంతకు మించిన గుర్తు లేదు. ఒక్క మాట: టీకా పడిన పిల్లలకు వస్తే తేలిగ్గా వస్తుంది, యాభై లోపే, కొన్ని నీరు కూడా పట్టవు, జ్వరం ఉండకపోవచ్చు. అయినా అంటిస్తాయి. 'ఇవి వేడికి లేచిన పొక్కులే' అని పంపేయవద్దు.

జ్వరం ఉన్న పిల్లకు పొద్దున ఏడింటికి పారాసిటమాల్ పోసి వ్యాను ఎక్కించే అలవాటు మన ఊళ్లో చాలా ఉంది. ఆ మందు నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. పదకొండు దాటాక జ్వరం మళ్లీ వస్తుంది. అప్పటికి పిల్ల వ్యానులో పదిమందితో, క్లాసులో నలభై మందితో ఊపిరి పంచుకుని ఉంటుంది. క్లాసు సంగతే అందరూ ఆలోచిస్తారు గానీ, అద్దాలు మూసిన వ్యానులో ముప్పావు గంట, ట్యూషన్ గదిలో గంటన్నర కూడా లెక్కలోకి రావాలి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే పంపండి.

పాపకు వచ్చేస్తే ఏం చేయాలి? అన్ని పొక్కులూ చెక్కు కట్టేదాకా ఇంట్లోనే, మామూలుగా మొదటి పొక్కు నుంచి 5 నుంచి 7 రోజులు. చెక్కులు రాలిపోయేదాకా ఆపనక్కర్లేదు, ఎండిన చెక్కు అంటించదు. టీకా పడి, చెక్కులే కట్టని తేలికపాటి పొక్కులైతే 24 గంటలు కొత్తవి లేవకపోతే చాలు. కిటికీ ఉన్న గది ఇవ్వండి. ఆటలమ్మ ముందే వచ్చి తగ్గినవాళ్లు ఎవరో ఒకరు చూసుకోవాలి. బట్టలు మామూలుగా ఉతికి ఎండలో వేస్తే చాలు.

వేపాకు గుమ్మానికి కట్టుకోండి, పక్క మీద వేసుకోండి, అందులో నష్టం లేదు. పెద్దవాళ్ల మనసుకు నెమ్మది. నష్టం చేసేవి వేరే ఉన్నాయి. స్నానం మాన్పించడం మొదటిది. మురికి గోళ్లతో గోకి పొక్కుల్లో చీము పట్టడానికి అదే దారి. గోరువెచ్చని నీళ్లతో రోజూ స్నానం చేయించండి, టవలుతో రుద్దకుండా అద్దండి, గోళ్లు బాగా లోపలికి కత్తిరించండి, దురదకు క్యాలమైన్ లోషన్ రాయండి. ఉప్పూ కారం లేని పథ్యం అని తిండి తగ్గించడం రెండోది. పిల్ల తినగలిగినది పెట్టండి, నోట్లో పుళ్లు ఉంటే పెరుగన్నం, మజ్జిగ, చల్లారిన గంజి. మూడోది అన్నిటికంటే ప్రమాదం: జ్వరానికి ఆస్పిరిన్. ఆటలమ్మలో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే జబ్బు తేవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. పారాసిటమాల్ ఒక్కటే, కిలోకు 15 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లకు 300. సీసా మీద 5 మి.లీ.కు 250 అని ఉంటే 6 మి.లీ. పోయాలి, 120 అని ఉంటే 12.5 మి.లీ. పోయాలి. ఈ రెండు సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంకె చదవకుండా 'ఒక మూత' అని పోసేచోటే తప్పు జరుగుతుంది. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకు నాలుగు సార్లు మించవద్దు. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు మామూలు చిన్నపిల్లలకు తప్పనిసరి కాదు. పన్నెండేళ్లు దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి డాక్టరు ఇస్తారు, అదీ మొదటి పొక్కు వచ్చిన 24 గంటల్లో మొదలుపెడితేనే సరైన ఫలితం.

పొక్కు చుట్టూ చర్మం ఎర్రగా వేడిగా పాకుతున్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, మెడ బిగిసినా, నడకలో తూలుతున్నా, ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా ఆగవద్దు. దగ్గర్లో పిల్లల ఆస్పత్రి లేకపోతే నీలోఫర్‌కు తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. ఆటలమ్మ అని ముందే చెబితే వాళ్లు వేరే చోట కూర్చోబెడతారు.

ఈ లెక్కంతా ఆటలమ్మకు. గ్రూపులో 'రాష్ వచ్చింది', 'వైరల్ అట' అని పెడితే ఏ లెక్కా వేయలేం. క్లాస్ టీచరును మూడే అడగండి: డాక్టరు రాసిన జబ్బు పేరేమిటి, గుర్తులు ఏ రోజు మొదలయ్యాయి, పిల్లవాడు చివరిసారి ఏ రోజు వచ్చాడు. పిల్లవాడి పేరు మనకు అవసరం లేదు, గ్రూపులో ఆ తల్లిదండ్రులను నిలదీయవద్దు. నిలదీస్తే మరోసారి వేరొకరు జబ్బు దాచిపెట్టి పంపుతారు.

సోకినట్టు అనుమానం ఉన్న ఆరోగ్యవంతమైన పిల్లను నిజంగా బడి మాన్పించాల్సినవి నా దృష్టిలో రెండే. ఒకటి తట్టు. అది వచ్చిన పిల్ల గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల తర్వాత కూడా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. దద్దుకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత వరకు అంటిస్తుంది. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండు డోసులు (9 నుంచి 12 నెలల్లో ఒకటి, 16 నుంచి 24 నెలల్లో ఒకటి) పడినవారు బడికి వెళ్లవచ్చు. పడనివారికి 72 గంటల లోపు టీకా వేయించాలి, ఆ గడువు దాటితే 21 రోజులు ఇంట్లోనే. టీకా వయసు రాని చంటిబిడ్డ ఇంట్లో ఉంటే ఆరు రోజుల లోపు డాక్టరుకు చూపించాలి, ఇమ్యూనోగ్లోబులిన్ ఇవ్వడానికి అంతే వ్యవధి.

రెండోది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. ఇది పాత జబ్బు, పోయింది అనుకుంటారు. పోలేదు, హైదరాబాద్‌లో ఇప్పటికీ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఈ కేసులు వస్తుంటాయి. క్లాసులో ఒక్కరికి వచ్చినా దగ్గరగా కూర్చున్న పిల్లలకు గొంతు స్వాబ్ తీయాలి, డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ కోర్సు వాడాలి, స్వాబ్ ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉంచి ఏడు రోజులు గొంతు, జ్వరం చూడాలి. దీన్ని ఆపే టీకాలు, ఐదేళ్ల డీపీటీ బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ ఇంజెక్షన్, తప్పిపోయిన పిల్లలు మన చుట్టూ చాలామంది ఉన్నారు. అవి బస్తీ దవాఖానాలో ఉచితం.

మిగతావాటిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లను ఆపనక్కర్లేదు, జబ్బు పడితే ఆపాలి. గవదబిళ్లలకు వాపు మొదలైన రోజు నుంచి ఐదు రోజులు. సోకాక బయటపడటానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ప్రభుత్వ ఎంఆర్ టీకాలో గవదబిళ్లల భాగం లేదు, అది ఎంఎంఆర్‌లోనే ఉంటుంది, కార్డులో ఏది పడిందో చూసుకోండి. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు మూడు నుంచి ఆరు రోజుల్లో బయటపడుతుంది. అరచేతులు, అరికాళ్లు, పిరుదులు, మోకాళ్ల మీద పొక్కులు, నోట్లో పుళ్లు దాని గుర్తు. జ్వరం తగ్గి, చొంగ ఆగి, పొక్కులు ఎండితే పంపవచ్చు. దానికి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో కడగాల్సిందే. వైరస్ వారాల తరబడి మలంలో వస్తుంది కాబట్టి బాత్రూమును లీటరు నీటికి 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచు ద్రావణం) 20 మి.లీ. కలిపి తుడవండి, యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు లేస్తుంది. కళ్లకలక చూపుతో అంటదు, చేతితో, టవలుతో అంటుతుంది. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు సొంతంగా వేయవద్దు. వాంతులు విరేచనాలు ఆగిన 48 గంటల తర్వాతే బడి. డెంగీ పిల్ల నుంచి పిల్లకు అంటదు. క్లాసులో ముగ్గురికి డెంగీ అంటే బడిలో నీళ్లు నిలిచి ఉండవచ్చు, పిల్లను ఆపడం కాదు, ట్యాంకులు, కూలర్లు, పూలకుండీలు చూడమని ప్రిన్సిపాల్‌కు రాయండి. టైఫాయిడ్ కూడా నీటి వల్ల, తిండి వల్ల, దానికి ఇంటి నుంచి నీళ్ల సీసా, హైదరాబాద్‌లోనే తయారయ్యే కాంజుగేట్ టీకా రక్ష.

ఏ జబ్బుకైనా అంటిన మర్నాడే 'ముందు జాగ్రత్తగా' రక్తపరీక్షలు చేయించి నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవద్దు, అంత తొందరగా ఏదీ బయటపడదు. వైరస్‌కు యాంటీబయాటిక్ కొని వేయవద్దు.

కాబట్టి మీ ఇంటి సంగతికి వస్తే: రేపు 11న పాపకు టీకా, అదే రోజు తోడికోడలికి ఐజీజీ. ఆ ఫలితాన్ని బట్టి 13 రాత్రికి ఎవరు ఎక్కడ ఉండాలో తేల్చండి. క్లాస్ టీచరుకు 'మా పాప దగ్గరగా కూర్చుంది, రెండో డోసు వేయించాం, 28 దాకా రోజూ చూస్తున్నాం, పొక్కు కనబడితే పంపం, టెస్టు తర్వాత రాయనివ్వండి' అని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. ముందే చెప్పిన తల్లికి టెస్టు మళ్లీ పెట్టడానికి బడి సాధారణంగా కాదనదు. 28 దాటి మార్చి 1 పొద్దున కూడా ఒళ్లు శుభ్రంగా ఉంటే ఈ విడతకు కాపలా చాలు. ఒకవేళ పాపకు వస్తే మాత్రం ఇంట్లో రక్షణ లేని మిగతావాళ్లకు పాప పొక్కు కనబడటానికి రెండు రోజుల ముందు నుంచి ఇదే లెక్క కొత్తగా మొదలుపెట్టండి.